'స్ప్లైస్ వేరియంట్'ను తెలుగులో ఏమనాలి?

మిత్రులకు నమస్కారం. క్యాన్సర్ కణాల చావుబతుకుల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ 'స్ప్లైస్ వేరియంట్' దగ్గర ఆగిపోయాను. 'జన్యు రూపాంతరం' అని రాస్తే జన్యువే మారిపోయిందని పాఠకులు అనుకుంటారు. అది ఉత్పరివర్తన (మ్యుటేషన్), వేరే సంగతి. ఇక్కడ జన్యువులో ఒక్క అక్షరమైనా మారనక్కరలేదు. దాని నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ ప్రతిలో ఇంట్రాన్లను (తీసేయవలసిన నడిమి ముక్కలను) కోసేసి ఎక్సాన్లను (మిగిలే ముక్కలను) అతికేటప్పుడు, ఏ ముక్కను ఉంచాలి, కత్తి ఎక్కడ పడాలి అన్నదానిలో తేడా వస్తే చాలు, ఒకే జన్యువు నుంచి వేర్వేరు ప్రోటీన్లు పుడతాయి. అలా వచ్చే ఒక్కో రూపమే స్ప్లైస్ వేరియంట్. ఈ కోత సంగతి 1977లో అడినోవైరస్‌లో బయటపడింది. అందుకు రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌లకు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన భాషలోనే దీనికి ఒక ఉదాహరణ దొరికింది. 'చావక మానదు' అని రాసి, నడుమనున్న 'క మాన' అనే మూడక్షరాలను కోసి, మిగిలినవాటిని అతికితే 'చావదు' అవుతుంది. ఫాస్ జన్యువు నడక అచ్చం ఇదే. దాని 6వ ఎక్సాన్ ఉన్నప్పుడు ఫాస్ ప్రోటీన్ కణపు పొరలో నాటుకుని, బయటి నుంచి వచ్చే మరణ సంకేతాన్ని లోపలికి చేరవేస్తుంది. ఆ ఎక్సాన్ కోతలో పోతే పొరలో నాటుకునే 21 అమైనో ఆమ్లాల భాగం ఉండదు. అప్పుడా ప్రోటీన్ కణం బయట తేలుతూ, వచ్చే సంకేతాన్ని తానే పట్టేసుకుంటుంది. కాస్పేస్-9 అనే ప్రోటీన్ కూడా అంతే: నిండు రూపం కణాన్ని చంపే పనిలో పాల్గొంటుంది, 3 నుంచి 6 వరకు ఎక్సాన్లు పోయిన పొట్టి రూపం ఆ పనికి అడ్డుపడుతుంది.

సంధి జరగవచ్చు, జరగకపోవచ్చు అనే చోట వ్యాకరణంలో 'వైకల్పికం' అంటాము కదా. దీన్ని 'వైకల్పిక సంధి రూపం' అనవచ్చునా?

సమాధానం: ఉదాహరణ చాలా బాగుంది, పేరు మాత్రం నప్పదండీ. 'ఏమి', 'అంటివి' కలిసినప్పుడు 'ఏమంటివి' అన్నా 'ఏమియంటివి' అన్నా అర్థం ఒక్కటే, రెండూ సాధువులే. వైకల్పికమంటే అది. మీరు చెప్పే రెండు రూపాలలో ఒకటి చంపుతుంది, ఒకటి కాపాడుతుంది. పైగా వైకల్పికమనగానే కణం తనకు నచ్చినదాన్ని ఎంచుకుంటుందన్న భావన వస్తుంది. నిజానికి రెండు రూపాలూ ఒకే కణంలో కలిసి ఉండవచ్చు, తేడా వాటి పాళ్లలో ఉంటుంది. ఇంకొక మాట: పొట్టిది ఎప్పుడూ కాపాడుతుందని మీ ఉదాహరణ చూసి పాఠకులు అనుకోకూడదు. బీసీఎల్-ఎక్స్ అనే జన్యువులో వరస తిరగబడుతుంది. 233 అమైనో ఆమ్లాల పొడుగు రూపం మైటోకాండ్రియా పొరకు చిల్లు పడి కణం చావకుండా కాపలా కాస్తుంది. కోత కాస్త ముందే పడి 63 ఆమ్లాలు తగ్గిన పొట్టి రూపం ఆ కాపలాను వమ్ము చేస్తుంది. చాలా క్యాన్సర్లలో పొడుగుదే పైచేయి. కోత చోటును మార్చేలా చిన్న ఆర్‌ఎన్‌ఏ తరహా ముక్కలను తయారుచేసి, పాళ్లను పొట్టి రూపం వైపు తిప్పి, ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలు చచ్చేలా చేశారు కూడా.

ప్రశ్న వేసినవారి జవాబు: ఒప్పుకుంటున్నాను, సంధిని వదిలేస్తాను. 'అతుకు' అందామంటే చిరుగుకు వేసిన మాసికలా ధ్వనిస్తుంది, కోత సంగతి అందులో లేదు. 'కూర్పు' ఎలా ఉంటుంది? ఒకే గ్రంథానికి సంక్షిప్తమైన కూర్పు, పూర్తి కూర్పు ఉన్నట్టే ఇక్కడా మూలం మారదు, ఏది ఉంచామన్నదే మారుతుంది. స్ప్లైసింగ్‌ను మాత్రం అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'కోసి అతకడం' అని విప్పి చెబుతాను. వ్యాసంలో ఆ వాక్యాన్ని ఇప్పుడిలా మార్చాను: "బీసీఎల్-ఎక్స్ జన్యువుకు పొడుగు కూర్పు, పొట్టి కూర్పు ఉన్నాయి, పొడుగు కూర్పు వాటా పెరిగిన కణం, చావవలసిన వేళ చావదు."