అప్‌డేట్: గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్, చివరికి తేలిందేమిటంటే

మందు అలవాటు లేదు, ఎస్‌జీపీటీ (కాలేయానికి సంబంధించిన రక్తపరీక్ష) నార్మలే, అయినా స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ వచ్చింది, ఎందుకని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఫైబ్రోస్కాన్ (కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) చేయించుకోమన్నవారి సలహాయే పనికొచ్చింది.

లివర్ డాక్టర్ రిపోర్టు పక్కన పెట్టి, ముందు టేపు తీసి నా నడుము కొలిచారు. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు నుంచి ఫ్యాటీ యాసిడ్లు నేరుగా కాలేయానికి చేరతాయట. పైగా ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు కాలేయం తనే మరింత కొవ్వు తయారుచేస్తుందట. ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన కొవ్వు లేదని కాదు. కాబట్టి దాని మీద మనం చేసిన చర్చంతా అనవసరం. హెపటైటిస్, థైరాయిడ్ టెస్టుల్లో కూడా ఏమీ లేదు.

స్కానింగ్ గ్రేడ్ కొవ్వు ఎంతుందో చెబుతుంది తప్ప కాలేయం గట్టిపడిందో లేదో చెప్పదు. నా టెన్షనంతా దాని గురించే. ఫైబ్రోస్కాన్‌లో 5.4 కిలోపాస్కల్స్ వచ్చింది, అంటే గట్టిపడలేదు. హమ్మయ్య!

మందులేమీ రాయలేదు, బరువు తగ్గమన్నారు. 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశం ఎక్కువ. అలాగని కడుపు మాడ్చుకుని గబగబా తగ్గితే కాలేయానికే చేటు. ఎవరో చెప్పిన డిటాక్స్ పొడి గురించి అడిగితే దాని జోలికే వెళ్లొద్దన్నారు, కొన్ని మూలికలు కాలేయాన్నే దెబ్బతీస్తాయట.

92 కిలోల నుంచి 85కి వచ్చాను. మళ్లీ స్కానింగ్ చేస్తే గ్రేడ్ 1. షుగర్ మాత్రం బోర్డర్‌లో ఉందని తేలింది, దాని గురించి విడిగా అడుగుతాను.