రోమా క్రైస్తవ సంఘానికి పెద్దరికం యేసు శిష్యుడు పేతురు వల్ల వచ్చిందా, రాజధాని కావడం వల్ల వచ్చిందా?

రాళ్లూరప్పలూ:
నా లెక్కలో రోమా సంఘం పెద్దదైంది చక్రవర్తి ఉండే ఊరు కాబట్టే. వర్తకులూ, బానిసలూ, సిపాయిలూ చేరే ఊరది, వాళ్ల వెంటే సువార్తా చేరింది. సువార్త ప్రచారకుడు పౌలు క్రీ.శ. 57 ప్రాంతంలో రోమీయులకు పత్రిక రాసేనాటికి ఆయన ఆ ఊరి మొహమే చూడలేదు, అయినా అక్కడ అప్పటికే సంఘం ఉంది. ఆ పత్రిక రాసిందీ గ్రీకులోనే, లాటిన్‌లో కాదు. అంటే తూర్పు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లే ఎక్కువన్నమాట. మీరేమంటారు?

ఫిరంగిపురంబిడ్డ:
రాజధాని అయితే సరిపోతుందా అండీ? పునీత పేతురు, పౌలు గార్లు ప్రాణాలిచ్చింది అక్కడ. మొదటి శతాబ్దం చివర్లో రోమా నుంచి ఆ సంఘ పెద్ద క్లెమెంతు కొరింథు వాళ్లకు రాసిన లేఖలో ఇద్దరి బాధలూ ఉన్నాయి. 1940ల్లో వాటికన్ గుడి కింద తవ్వితే ఎర్రపూత గోడ, దానికి ఆనించి చిన్న స్తంభాలతో ఒక గూడు, పేతురు సమాధి గుర్తని చెప్పేది, బయటపడ్డాయి, రెండో శతాబ్దం నాటివి. చక్రవర్తి కాన్‌స్టంటైన్ కొండవాలు చదును చేయించి, శ్మశానం పూడ్పించి మరీ సరిగ్గా అక్కడే గుడి కట్టించింది ఊరికేనా?

ఒంగోలుబాప్టిస్టు:
గూడు దొరికితే పేతురు దొరికినట్టేనా బ్రదర్? రోమీయుల పత్రిక 16వ అధ్యాయం తీయండి. పౌలు పాతికమంది దాకా పేరుపేరునా వందనాలు చెప్పాడు, రూఫు వాళ్లమ్మని కూడా మర్చిపోలేదు. పేతురు పేరేది?

ఫిరంగిపురంబిడ్డ:
57లో లేకపోతే తర్వాత రాకూడదా? ఊరు తగలబడి, నీరో క్రైస్తవుల మీద పడింది 64లో. పేతురు మొదటి పత్రిక చివర్లో ‘బబులోను’ నుంచి వందనాలు ఉన్నాయి, అది రోమాయే.

ఒంగోలుబాప్టిస్టు:
బబులోను అంటే బబులోనే. రోమా 16లో పేతురు పేరు చూపించండి, తర్వాత మాట్లాడదాం.

సైలెంట్‌రీడర్:
బైబిల్ చివరి పుస్తకం ప్రకటన 17లో బబులోను వస్తే అది రోమాయే అని మైకు పట్టుకుని అరుస్తారు, పేతురు పత్రికలో వస్తే మాత్రం ఇరాక్ అయిపోతుందా సార్?

గుడివాడకుర్రోడు:
పాప్‌కార్న్ రెడీ. కానివ్వండి.

ఒంగోలుబాప్టిస్టు:
నవ్వుకోండి. మీక్కావాల్సింది పేతురు కాదు, ఆయన వారసుడని మీరనే పోపు. పేతురు రోమాలో చనిపోయాడనే అనుకుందాం, అంతమాత్రాన ఆ తర్వాత ఆ ఊళ్లో కూర్చున్న ప్రతివాడి మాటా మేం వినాలా?

ఫిరంగిపురంబిడ్డ:
ఎవరి మాట ఎవరు వినాలో మీరు చెప్పకండి. మా చెల్లెలు పోయినేడాది మీలాంటి సంఘం అబ్బాయినే చేసుకుంది. నెలల పిల్లగా గుళ్లో జ్ఞానస్నానం (అదే, బాప్తిస్మం) పొందిన పిల్లని, పెళ్లికి ముందు అందరి ఎదుటా మళ్లీ నీళ్లలో ముంచారు, అసలు క్రైస్తవురాలే కానట్టు! మా అమ్మ పెళ్లిలో కూడా ఏడుస్తూనే ఉంది. చరిత్ర కావాలన్నారుగా, వినండి. 256లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో అక్కడి బిషప్పు సిప్రియను, 80కి పైగా బిషప్పులు కలిసి, సంఘం బయట, అంటే విడిపోయిన గుంపుల దగ్గర, బాప్తిస్మం పొందినవాళ్లకి మళ్లీ ఇవ్వాల్సిందే అన్నారు. ఒకసారి అయితే అయినట్టే, మళ్లీ అక్కర్లేదు అన్నది రోమా బిషప్పు స్తెఫాను. ఈ ఒక్క సంగతికైనా ఆ ఊరికి దండం పెట్టాలి.

ఒంగోలుబాప్టిస్టు:
అదే నేనూ చెప్పేది! పేతురు పీఠం నాదని స్తెఫాను గట్టిగా అన్నా ఆఫ్రికా వాళ్లు వినలేదు, ఇప్పటి టర్కీలోని కప్పదొకియ బిషప్పు ఫిర్మిలియను ఎద్దేవా చేస్తూ ఉత్తరం రాశాడు. ఆనాటి బిషప్పులే లెక్కచేయనిది నేనెందుకు చేయాలి? అయినా ఊహ తెలియని పిల్ల నెత్తిన నీళ్లు పోస్తే బాప్తిస్మం ఎలా అవుతుంది? ముందు నమ్మాలి, తర్వాత మునగాలి.

రాళ్లూరప్పలూ:
నా ప్రశ్న ఏ గట్టుకో కొట్టుకుపోయింది గానీ, 451లో కల్కెదోనులో జరిగిన బిషప్పుల మహాసభ 28వ తీర్మానం చూడండి. పాత రోమాకు పెద్దరికం ఇచ్చింది అది రాజనగరం కాబట్టి, అందుకే కొత్త రోమా అయిన కాన్‌స్టాంటినోపుల్‌కూ అంతే గౌరవం ఇవ్వాలి అని బిషప్పులే రాసుకున్నారు.

ఫిరంగిపురంబిడ్డ:
అప్పటి పోపు లియో దాన్ని కొట్టిపారేశాడు, ఆ ముక్క మింగేశారేం? సరే, రోమా సంగతి తర్వాత. రేపు మా చెల్లెలికి బిడ్డ పుడితే మా గుళ్లో జ్ఞానస్నానం ఇప్పించాలని మా అమ్మ ఆశ. మీ సంఘం ఒప్పుకుంటుందా?

ఒంగోలుబాప్టిస్టు:
ఒప్పుకోదు. ఆ బిడ్డే పెద్దయ్యాక వచ్చి అడగాలి.