వడ్డీ డబ్బులో దశమభాగం చర్చి తీసుకోవచ్చా?

ప్రొద్దుటూరు బ్రదర్:
మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నాడు. మంచి ప్రార్థనాపరుడే. ఊర్లో ఐదు రూపాయల వడ్డీకి తిప్పుతాడు. పోయిన ఆదివారం చర్చి స్లాబుకు లక్ష ఇచ్చినాడు, అందరూ చప్పట్లు. వెనక వరుసలో మా వీధిలో ఇడ్లీ బండి పెట్టుకున్న అక్క కూర్చోనుంది. కూతురి కాన్పుకు ఆయన దగ్గరే 50,000 తీసుకుంది. నెలకు 2,500 లెక్కన ఇరవై నెలలు కట్టింది. అసలు అట్లే ఉంది. ఆ లక్ష తీసుకోవడం తప్పా కాదా? వాక్యంతో చెప్పండి.

కడప అన్న:
యజమానుడు దాసులకు తన సొమ్ము అప్పగించి పోయే తలాంతుల ఉపమానం చదవండి, మత్తయి 25. నా సొమ్ము సాహుకార్ల దగ్గర పెట్టుంటే వడ్డీతో తీసుకుందును కదా అని యజమానుడే అంటాడు. బ్యాంకు చేస్తే వ్యాపారం, మనిషి చేస్తే పాపమా? ఆ అక్కకు ఏ బ్యాంకూ ఇయ్యలేదు, ఈయన ఇచ్చినాడు. కాన్పు జరిగింది.

గుత్తి టీచర్:
అన్నా, ఆ యజమానుణ్ణి దాసుడు విత్తనిచోట కోసేవాడు అంటాడు. మనకు ఆదర్శం ఆయనేనా? నిర్గమకాండం 22:25లో మాట సూటిగా ఉంది: బీదవానికి అప్పిస్తే వడ్డీ కట్టొద్దు. కరువులో పొలాలూ ఇళ్లూ కుదువపెట్టి, బిడ్డల్ని దాస్యానికి పంపినవాళ్ల కథ నెహెమ్యా 5లో ఉంది. అక్కడ తిరిగి ఇచ్చేయమన్న వడ్డీ నూరో వంతు. నెలకు అని చాలామంది అర్థం చెప్తారు, అంటే మన రూపాయి వడ్డీ! దానికే అక్కడి అధికారి నెహెమ్యాకు అంత కోపం వచ్చింది. ఐదు రూపాయలంటే ఏడాదికి నూటికి అరవై.

ఆదోని పాస్టర్:
నేను చిన్న పల్లెలో సేవ చేస్తాను. ఇట్లాంటి ఒకాయనకు ఒకసారి నచ్చజెప్పబోయినా. ఆయన వేరే చర్చికి పోయినాడు, వెంట నాలుగు కుటుంబాలు. ఆ నెల కరెంటు బిల్లు మా ఆమె కమ్మలు పెట్టి కట్టినాం. కాబట్టి కానుక వాపసు చేయమని మీ పాస్టరుకు చెప్పడం సులభం, చేయడం కష్టం. ఒకటి మాత్రం చూడండి. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సగం ఆస్తి బీదలకు అన్నాడు, అన్యాయంగా తీసుకున్నది ఎవరిదో వాళ్లకే నాలుగింతలు అన్నాడు. కానుక పెట్టె ఊసే ఎత్తలేదు. ఆ లక్ష ముందు ఇడ్లీ అక్క ఇంటికి పోవాల్సింది.

కడప అన్న:
అట్లయితే రాయలసీమలో సగం చర్చిలకు స్లాబు పడదు పాస్టరయ్యా.

ఆదోని పాస్టర్:
మాది రేకులే.

ప్రొద్దుటూరు బ్రదర్:
పుదీనాలో, జీలకర్రలో పదోవంతు ఇచ్చి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారని యేసు పరిసయ్యులనే మతపెద్దలను తిట్టిన మాట (మత్తయి 23) రాత్రి ఇంట్లో చదివినా, ఆ పెద్దాయన్ని మనసులో పెట్టుకొని. మా ఆమె అడిగింది: మీ బామ్మర్దికి రెండు రూపాయలకు ఇచ్చిన నోటు సంగతేంది అని. టైలర్ షాపు పెట్టుకోవడానికి తీసుకున్నాడు, షాపు ఆర్నెల్లలో మూతపడింది. వడ్డీ మాత్రం తప్పకుండా పంపుతాడు.

కడప అన్న:
రెండు రూపాయలంటే ధర్మవడ్డీ కదా బ్రదర్.

ప్రొద్దుటూరు బ్రదర్:
ఆ మాట ఎప్పుడూ నేనే అంటున్నా అన్నా, వాడు అనలేదు. ఈ ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఉంది. శనివారం లోపల ఫోన్ చేయాలా, నేరుగా పోవాలా అని ఆలోచిస్తున్నా.