డబ్బు పెరిగితే సంతోషం ఆగిపోతుందా?

ప్రశ్న: ఏడాదికి 75,000 డాలర్లు దాటితే సంతోషం పెరగదని అంటారు. లాటరీ గెలిచినవాళ్లు, ప్రమాదంలో కాళ్లు పడిపోయినవాళ్లు ఏడాదికల్లా ఒకేలా ఉంటారనీ చదివాను. రెండూ నిజమేనా?

జవాబు 1: మొదటిది సగమే నిజం. 2010లో పరిశోధకులు కానమన్, డీటన్ అమెరికా సర్వేలో చూసింది రోజువారీ మనోభావాలు ఆ అంకె దగ్గర ఆగడం. "నా జీవితం ఎలా ఉంది" అన్న మార్కు మాత్రం పెరుగుతూనే ఉంది. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు! 2021లో మరో పరిశోధకుడు కిల్లింగ్స్‌వర్త్ ఫోన్ యాప్‌తో అడిగితే మనోభావాలూ ఆగలేదు. 2023లో కానమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి లెక్క సరిచూశారు: బాగా దిగులుగా ఉండే సుమారు 20 శాతం మందికే, అదీ లక్ష డాలర్ల దగ్గర ఆగుతుంది. ఒక మెలిక: పెరుగుదల రెట్టింపుల్లో లెక్క. 30 వేలు 60 అయితే ఎంత తేడానో, 60 వేలు 120 అయితే అంతే.

జవాబు 2: లాటరీ కథ 1978 నాటిది. గెలిచినవాళ్లు 22 మంది, ప్రమాద బాధితులు 29, మామూలువాళ్లు 22. సంతోషానికి 5కి మార్కులు వరుసగా 4.00, 2.96, 3.82. ఒకేలా ఎక్కడున్నాయి? పైగా అంత చిన్న నమూనా.

ప్రశ్న అడిగినవారు: మరి ఖర్చు ఎలా పెడితే మేలు?

జవాబు 1: 2008 ప్రయోగంలో 5 లేదా 20 డాలర్లిచ్చి సాయంత్రం 5లోగా ఖర్చుపెట్టమన్నారు. ఇతరులకు పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా కనిపించారు, మొత్తంతో నిమిత్తం లేకుండా. ముందే అంచనా అడిగినవాళ్లు దీనికి సరిగ్గా ఉల్టా చెప్పారు.