ఎక్స్‌ఆర్‌డీలో అమార్ఫస్, డీఎస్‌సీలో మెల్టింగ్ పీక్. ఏది నమ్మాలి?

పరిశోధక విద్యార్థిని: పొద్దుటి నుంచి దీంతోనే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. నా పాలిమర్ ఫిల్మ్‌కి ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్) తీస్తే 20 డిగ్రీల కోణం దగ్గర వెడల్పాటి హంప్ ఒక్కటే వచ్చింది. అంటే అమార్ఫసే, స్ఫటికాలు లేనిదే కదా! అదే ఫిల్మ్‌ని డీఎస్‌సీలో (వేడి చేస్తూ ఎంత వేడి పీల్చుకుందో, వదిలిందో కొలిచే పరికరం) పెడితే 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెల్టింగ్ పీక్ చక్కగా వచ్చింది. స్ఫటికాలే లేనప్పుడు కరిగిందేమిటి? రేపు గైడ్‌కి చూపించాలి, ఒకటే టెన్షన్.

ల్యాబ్ టెక్నీషియన్: ఏ పాలిమర్?

రిటైర్డ్ లెక్చరర్: అమ్మా, ముందు అమార్ఫస్ అంటే ఏమిటో తేల్చుకో. పాలిమర్ గొలుసులు ఎలా పడితే అలా చుట్టుకుని ఒకదాంట్లో ఒకటి దూరిపోయి ఉంటాయని పాలిమర్ శాస్త్రవేత్త ఫ్లోరీ చెప్పారు. లోపల చిన్న చిన్న కట్టలుంటాయని కొందరు వాదించారు. 1970లలో పాలీస్టైరీన్‌లో కొన్ని గొలుసులకు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టి న్యూట్రాన్లతో చూశారు. లక్ష అణుభారం ఉన్న గొలుసు గైరేషన్ వ్యాసార్ధం (చుట్ట ఎంత పరుచుకుందో చెప్పే కొలత) 8–9 నానోమీటర్లు, థీటా సాల్వెంట్‌లో (గొలుసు ఉబ్బకుండా, ముడుచుకోకుండా సహజంగా చుట్టుకునే ద్రావకంలో) ఎంతో ఇక్కడా అంతే. ఫ్లోరీ మాటే నిలిచింది. ఇంత గొప్ప ప్రయోగాన్ని ఇప్పుడు క్లాసులో ఎవరూ చెప్పడం లేదు.

గాజు పరిశోధకుడు: అలాగని క్రమమే లేదంటే ఎలా సార్? ఆ హంప్ పక్కపక్క గొలుసుల మధ్య సుమారు 4.4 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరాన్ని చూపిస్తోంది కదా.

రిటైర్డ్ లెక్చరర్: అలాంటిది ద్రవంలోనూ ఉంటుంది. నేను దాన్ని క్రమం అనను. ఆ హంప్‌కి షెరర్ సూత్రం (పీక్ వెడల్పు నుంచి స్ఫటికం సైజు లెక్కగట్టేది) వేసి "క్రిస్టలైట్ సైజు" అని రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

గాజు పరిశోధకుడు: షెరర్ సంగతి ఒప్పుకుంటాను. కానీ దీన్ని స్వల్పదూర క్రమం (పక్కపక్కనే ఉన్నవాటి మధ్య మాత్రమే కనిపించే క్రమం) అని మా రంగంలో అందరూ అంటారు.

ల్యాబ్ టెక్నీషియన్: పాలిమర్ ఏదో ఇంకా చెప్పలేదు.

పరిశోధక విద్యార్థిని: పెట్ అండి, నీళ్ల సీసాలకు వాడేదే. కరిగించి ఐసు నీళ్లలో ముంచాను.

ల్యాబ్ టెక్నీషియన్: 130 దగ్గర వేడి వదిలే పీక్ ఉందా?

పరిశోధక విద్యార్థిని: ఉందండి, తలకిందులుగా. పోస్టులో ఆ భాగం రాయలేదు.

ల్యాబ్ టెక్నీషియన్: జవాబు అక్కడే ఉంది. 75 దాటాక గొలుసులు కదులుతాయి, 130 దగ్గర స్ఫటికాలుగా సర్దుకుంటాయి, 250లో కరిగేవి అవే. డీఎస్‌సీలో వేడి చేస్తుంటేనే పుట్టాయి. మెల్టింగ్ పీక్ వైశాల్యంలోంచి ఆ 130 పీక్‌ది తీసేసి, పూర్తిగా స్ఫటికమైన పెట్ కరగడానికి పట్టే గ్రాముకు 140 జౌల్స్‌తో భాగించండి. ముందే ఎంత శాతం స్ఫటికాలున్నాయో తెలుస్తుంది.

గాజు పరిశోధకుడు: ఫిల్మ్ పారదర్శకంగా ఉంది కాబట్టి అమార్ఫస్ అని మాత్రం రాయకండి. సాగదీసిన సీసా గోడలో స్ఫటికాలున్నా పారదర్శకంగానే ఉంటుంది.

పరిశోధక విద్యార్థిని: గ్రాముకు 37 జౌల్స్‌లోంచి 34 పోతే 3. 140తో భాగిస్తే రెండు శాతమే! థాంక్స్ అండి.

రిటైర్డ్ లెక్చరర్: ద్రవంలో ఉన్నదాన్ని కూడా క్రమం అంటారా మీరు?