చేపకి స్కిన్ మౌంటా, రెప్లికానా? చేయించినవాళ్ళు చెప్పండి

గాలం_సీను: ఫ్రీజర్లో మంచి సైజు బ్రౌన్ ట్రౌట్ ఉంది, గోడకి పెట్టించాలని. ఇంటిల్లిపాదీ కలిసి చేసే ట్యాక్సిడెర్మీ (చచ్చిన జంతువుల్ని బతికున్నట్టు కనిపించేలా తయారుచేసే పని) షాపొకటి చూశా. తండ్రి చర్మం తీస్తాడు, తల్లి ఆర్డర్లు చూసుకుంటుంది, కూతురు రంగులేస్తుంది. వాళ్ళు స్కిన్ మౌంట్, అంటే చేప అసలు చర్మంతోనే చేస్తామన్నారు. ఫ్రెండ్సేమో ఫైబర్‌గ్లాస్ రెప్లికా, అంటే అచ్చు పోసిన నకలు చాలు, చర్మం జోలికి పోవద్దంటున్నారు. నేను పట్టిన చేప కానప్పుడు అది నా గోడ మీద ఎందుకు అని నా బాధ.

పొలుసు: మా ఇంట్లో నాన్నగారి కాలం నుంచీ ఇదే పని, కాబట్టి లోపలి సంగతి చెప్తా. స్కిన్ మౌంట్ అన్నా కూడా మీ చేప మొత్తం అందులో ఉండదు సీను గారూ. గోడవైపు వచ్చే పక్కన కోసి, మాంసం, ఎముకలు తీసేసి, చర్మానికి అంటుకున్న కొవ్వు గీకేసి, బోరాక్స్ పొడి పట్టించి, ఆ కొలతకే చెక్కిన ఫోమ్ మీద తొడిగి కుడతాం. కళ్ళు గాజువి. రెక్కలు ఆరేటప్పుడు ముడుచుకుపోతాయి కాబట్టి వాటిని తడిగా ఉన్నప్పుడే విప్పి, అట్టముక్కల మధ్య పెట్టి బిగిస్తాం. పూర్తిగా ఆరాక చూస్తే ఎవరి చేపని వాళ్ళే గుర్తుపట్టలేరు, అంతా పాలిపోయి గోధుమ రంగులోకి వచ్చేస్తుంది, మచ్చలు లీలగా కనిపిస్తాయంతే. ఆ తర్వాత మీరు గోడ మీద చూసే రంగంతా ఎయిర్‌బ్రష్‌తో పొర మీద పొర వేసిందే. అందుకే మీరు అడగాల్సింది చర్మమా ఫైబరా అని కాదు, రంగెవరు వేస్తారు అని.

మంచినీళ్ళు: అదంతా సరే కానీ నూనె సంగతి ఎవరూ చెప్పరేం? మా బాబాయి చేయించిన సాల్మన్ మొదట్లో అద్భుతంగా ఉండేది. కొన్నేళ్ళకి రెక్కల మొదట్లో పసుపు జిడ్డు ఊరడం మొదలైంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లబడింది. పైన ఎంత తుడిచినా లోపల్నుంచి వస్తూనే ఉంటుంది. చేసినవాళ్ళని అడిగితే ఎండలో పెట్టుంటారు అన్నారు, ఇంటి లోపలి గోడకి ఎండెక్కడిది!

పొలుసు: కొవ్వు సరిగ్గా తీయకపోతే అంతే. ట్రౌట్, సాల్మన్‌లలో తల దగ్గర కొవ్వు ఎక్కువ, ఆరితే బుగ్గలు లోపలికి పోతాయి. చాలామంది తల మాత్రం అచ్చు పోసి అతికిస్తారు. అందులో మోసమేం లేదు, కాకపోతే ముందే చెప్పాలి.

అలల_వెంట: నేను రెప్లికా పార్టీ. చేపని కొలిచి, ఫోటోలు తీసి, నీళ్ళలోకి వదిలేశా. మార్లిన్ లాంటి పెద్ద సముద్రపు చేపలు గోడ మీద కనిపిస్తే ఇప్పుడు దాదాపు అన్నీ రెప్లికాలే. పొడవు, నడుం చుట్టుకొలత రెండూ అంగుళాల్లో రాసుకోండి. చుట్టుకొలతని దాంతోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి 800తో భాగిస్తే బరువు సుమారుగా పౌండ్లలో వస్తుంది. 30 పొడవు, 16 చుట్టుకొలత అయితే 9.6 పౌండ్లు. ఒక చిక్కుంది, మీ కొలతకి దగ్గరగా ఉన్న వేరే చేప అచ్చులోంచి పోస్తారు, కాబట్టి మీ చేప దవడ వంకర, దెబ్బ తగిలిన తోక అందులో రావు. ఫోటో చూసి వాటిని చెక్కి దిద్దే ఓపిక ఉన్నవాళ్ళని పట్టుకోండి.

గాలం_సీను: మరి ఫ్రీజర్లో ఉన్నదాని సంగతేంటి? కడుపు కోయలేదు, కవర్లో చుట్టి పడేశా.

పొలుసు: కోయకపోవడమే మంచిదైంది. తడి తువ్వాల్లో చుట్టి, రెక్కలు ఒంటికి ఆనించి, గాలి లోపలికి పోకుండా కవర్ కట్టాలి, లేకపోతే రెక్కల అంచులు ఎండి విరుగుతాయి. న్యూస్‌పేపర్ మాత్రం వద్దు. ఇప్పుడు గడ్డకట్టేసింది కాబట్టి రెక్కలు కదపకండి, ఉన్నదున్నట్టు తడి గుడ్డ చుట్టి ఇంకో కవర్ వేయండి. బతికున్నప్పటి ఫోటో ఉంటే బంగారం, నీళ్ళలోంచి తీసిన కాసేపటికే రంగు దిగిపోతుంది.

పాతసామాను: కాస్త పక్కకెళ్తున్నా. తాతల కాలం నాటి మౌంట్లు ఇంట్లో ఉంటే ఉత్త చేతుల్తో దులపొద్దు. పూర్వం చర్మానికి ఆర్సెనిక్ పట్టించేవాళ్ళు, అది పోదు.

మంచినీళ్ళు: ఇంటి షాపుల్లో ఇంకో టెన్షన్ ఏంటంటే, రంగులేసేది ఒక్కరే అయితే వాళ్ళకి జ్వరమొచ్చినా పనాగిపోతుంది. నెలలు పడుతుందని తెలిసే అడ్వాన్స్ ఇవ్వండి. షోకేసులో కొత్తగా మెరిసేవి కాదు, చేసి చాలా ఏళ్ళైనవి చూపించమనండి.

గాలం_సీను: అడిగా. రంగులేసే ఆ కూతురు తన చిన్నప్పటి పని, ఇప్పటి పని పక్కపక్కన పెట్టి చూపిస్తానంది, తల అచ్చుదేనని కూడా అడక్కుండానే చెప్పింది. ఈ వారమే చేప తీసుకెళ్తున్నా, ఇంట్లో ఐస్‌క్రీమ్ పెట్టుకోడానికి చోటు లేదని గొడవ.

అలల_వెంట: ఫోటోలు ఫోన్‌లో చూపించకు బ్రదర్, ప్రింట్ తీసివ్వు. ఒక్కో ఫోన్‌లో రంగు ఒక్కోలా కనిపిస్తుంది.