మాల వేసుకుంటే ఆగేది వ్యసనమేనా?

సందేహాలరావు: నీలిచిత్రాలకు బానిసనైపోయానని నా స్నేహితుడొకడు ఎప్పుడు కలిసినా వాపోతుంటాడు. ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. ఆ 41 రోజులూ అలాంటివాటి వైపు కన్నెత్తి చూడడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక మళ్లీ మామూలే. అన్ని రోజులు ఆగగలిగినవాడిది వ్యసనమెలా అవుతుంది? పాపం చేస్తున్నానన్న బాధ తప్ప రోగం లేదని నా వాదన.

కోనసీమ వాసి: మాలలో మందు మానేసి, మాల తీసిన సాయంత్రమే దుకాణం ముందు నిలబడేవాళ్లను చూడలేదా? వాళ్లకూ వ్యసనం లేదంటారా? దీక్షలో తెల్లవారుజామున చన్నీటి స్నానం, నేల పడక, రాత్రి పొద్దుపోయేదాకా భజన. పైగా ఊరంతా "స్వామీ" అని పిలుస్తుంటుంది. గది తలుపు వేసుకుని ఫోను పట్టుకునే తీరిక ఎక్కడిది?

రాత్రి డ్యూటీ: మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో 'కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్', అంటే లైంగిక ప్రవర్తన అదుపు తప్పే రుగ్మత, ఉంది. దాన్ని వ్యసనాల్లో చేర్చలేదు, ప్రేరణలను అదుపు చేసుకోలేని రుగ్మతల్లో చేర్చారు. ఆరు నెలలో, అంతకు మించో అదుపు తప్పి ఉండాలి. దానివల్ల చదువో ఉద్యోగమో కాపురమో దెబ్బతినాలి, లేదా తీవ్రమైన వేదన ఉండాలి. ఆ వేదన పూర్తిగా 'ఇది తప్పు' అన్న నైతిక భావన నుంచే పుడితే రోగమని రాయడానికి చాలదని అక్కడే స్పష్టంగా చెప్పారు.

అమెరికాలో జాషువా గ్రబ్స్ అనే మనస్తత్వవేత్త బృందం అధ్యయనాలూ దీనికి దగ్గరగానే ఉన్నాయి. చూసే మోతాదు ఒకటే అయినా, అది పాపమని నమ్మేవారే తమకు వ్యసనముందని ఎక్కువగా అనుకుంటారు. అందుకే మా దగ్గరికి వచ్చినవారిని ముందు అడిగేది నిద్ర గురించి, సెలవుల గురించి, దాచిన అప్పుల గురించి.

పంచెకట్టు: అంటే భక్తి వదిలేస్తే జబ్బు నయమైపోతుందా? బాగుంది వరస! పరస్త్రీని తల్లిలా చూడమని విని పెరిగినవాడికి మనసు గుచ్చుకోవడం మంచిదే. అయినా అమెరికా క్రైస్తవులను అడిగి రాసిన లెక్కలు మనకెందుకు?

రాత్రి డ్యూటీ: భక్తి వదలమని ఎవరన్నారండీ? రెండో మాట నిజమే, ఆ అధ్యయనాల్లో ఎక్కువమంది అమెరికన్లే. కానీ మోహపు చూపే వ్యభిచారమని విన్న మన క్రైస్తవ కుర్రాళ్లూ, దీక్ష చేసే స్వాములూ ఇద్దరూ వచ్చి నాతో అనేది ఒకటే: "నేనిక బాగుపడను." అదుపు తప్పినవాడికి చికిత్స కావాలి. నమ్మకానికీ అలవాటుకీ మధ్య నలిగేవాడికి కసరకుండా వినే గురుస్వామో పాస్టరో దొరికినా చాలా మేలు. వీళ్లకు కూడా రోగి అని ముద్ర వేస్తే ఆ నిరాశ ఇంకా ముదురుతుంది.

తులసికోట: ఇంతసేపూ మాట్లాడారు, ఆ స్నేహితుడి భార్య ఊసే రాలేదు. మా ఇంట్లోనూ ఇదే గొడవ. మావారు పూజగదిలో కన్నీళ్లు పెట్టుకుంటారు, నాతో మాత్రం ముక్క మాట్లాడరు. అది రోగమా పాపమా అన్నది నాకు తర్వాతి సంగతి.

సందేహాలరావు: నా స్నేహితుణ్ని అడిగి చూశాను. పదకొండింటికల్లా పడుకుంటాడట, ఉద్యోగానికి ఇబ్బంది లేదట. ఇంట్లో చెప్పలేదట.

రాత్రి డ్యూటీ: అయితే ముందు ఇంట్లో చెప్పమనండి. ఆ తర్వాత కావాలంటే ఇద్దరినీ కలిపి తీసుకురండి, మాట్లాడదాం.